జట్టును బట్టి ఆట

2025 అక్టోబరు 14వ తేదీన గోవాలోని ఫాతోర్డా మైదానమున భారత ఫుట్‌బాల్ జట్టు సింగపూరు చేతిలో 2–1 గోలులతో ఓడి, 2027లో జరుగవలసిన ఆసియా కప్పు పోటీలలో పాల్గొను అవకాశమును పోగొట్టుకొనినది. నూట నలుబది కోట్ల జనసంఖ్య గల దేశము ఒక చిన్న దీవికి తలయొగ్గినదను వార్త విని చింతింపని క్రీడాభిమాని యుండడు. మరునాటినుండియే దోషి యెవ్వడను విచారణ యారంభమైనది. కొందరు శిక్షకుని నిందించిరి. కొందరు ఆటగాండ్రను నిందించిరి. మరికొందరు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను నిందించిరి. నిందకు పాత్రులు లేకపోలేదు. కాని 2019 జనవరి మొదలు నాటివరకు గడచిన యేడేండ్లలోపలి కాలమున ఈ జట్టు నలుగురు శిక్షకులను జూచినది. ఇంగ్లండునుండి వచ్చిన స్టీఫెన్ కాన్‌స్టంటైన్, క్రొయేషియా దేశీయుడైన ఇగోర్ స్టిమాచ్, స్పెయిన్ దేశీయుడైన మనోలో మార్కెజ్, మన దేశీయుడే యైన ఖాలిద్ జమీల్ ఒకరి వెనుక నొకరు వచ్చిరి. రోగము తగ్గనప్పుడెల్ల వైద్యుని మార్చుచు, రోగి శరీరతత్త్వ మెట్టిదో యెన్నడును విచారింపని గృహస్థుని వలె మనము ప్రవర్తించుచున్నాము. శిక్షకుడు మంచివాడా కాడా యనుట రెండవ ప్రశ్న. ఆతడు కోరు ఆటతీరు మనకున్న ఆటగాండ్రకు సరిపడునా యనుట మొదటి ప్రశ్న. ఈ మొదటి ప్రశ్నను ఎవ్వరును అడుగుట లేదు. మేము దానినే యడుగదలచితిమి.

సేద్యము చేయు మన పాఠకులకు ఈ విషయమును విస్తరించి చెప్పనక్కర లేదు. అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు అని పెద్దలు చెప్పిన మాట వారికి అనుభవసిద్ధము. రేగడినేలకు తగిన విత్తనము వేరు, చల్కనేలకు తగిన విత్తనము వేరు. చల్కలో పండలేదని రేగడి విత్తనమును నిందించుట యెంత యవివేకమో, శిక్షకుని పద్ధతి ఫలింపలేదని యాతని నొక్కనినే నిందించుట అంత యవివేకము. ఫుట్‌బాల్ ఆటయందు స్థూలముగా రెండు తీరులు కలవు. బంతిని గోలుకీపరు మొదలుకొని పాదములయొద్దనే యుంచుకొని, చిన్న చిన్న అందింపులతో ఎదుటివారిని అలయించుచు ముందునకు సాగుట యొకటి. తన భాగమును దట్టముగా కాచుకొని, ఎదుటివారు ముందునకు వచ్చి వెనుక చోటు వదలినప్పుడు రెప్పపాటులో వారిపై విరుచుకొనిపడుట రెండవది. మొదటిదానికి వత్తిడిలో తడబడని బ్యాకులు, నాలుగు దిక్కులు చూడగల మధ్యస్థులు, ఇరుకుచోట గోలు కొట్టగల సెంటరు ఫార్వర్డు కావలెను. రెండవదానికి ఓర్పుగల వెనుక వరుస, తలతో బంతిని గెలువగల దృఢకాయులు, అంచులవెంబడి పరుగెత్తగల వేగవంతులు కావలెను. వీనిలో ఒకటి ఉత్తమము, ఒకటి అధమము అనుట లేదు. ఉన్న ఆటగాండ్రకు తగినదే యుత్తమము.

ధనమునకు కొదువలేని ఇంగ్లండు దేశమున సయితము ఈ సత్యము పదేపదే రుజువైనది. 2015–16లో లీస్టరు సిటీ జట్టునకు క్లాడియో రానియేరీ నాయకత్వము వహించినప్పుడు, ఆ జట్టు గెలుచునని పందెము కాయువారికి ఒకటికి అయిదువేలు ఇత్తుమని పందెగాండ్రు పరిహసించిరి. రానియేరీ తన పాండిత్యమును ప్రదర్శింపబోలేదు. జేమీ వార్డీ పరుగును, రియాద్ మహ్రెజ్ చాతుర్యమును, ఎన్‌గోలో కాంటే అలుపెరుగని శ్రమను తన కన్నులతో జూచి, బంతి ఎదుటివారి యొద్ద నున్నను సరే, తన వారు కాచి కొట్టు ఆటనే యాడించెను. లీస్టరు 81 పాయింట్లతో దేశవిజేతయైనది. దీనికి ప్రతిగా మాంచెస్టరు యునైటెడ్ కథ కలదు. 2024 నవంబరులో ఆ సంఘమువారు లిస్బన్ నగరపు స్పోర్టింగ్ జట్టును విజేతగా నిలిపిన రూబెన్ అమోరిమ్‌ను తెచ్చిరి. వెనుక ముగ్గురిని నిలిపి, అంచులయందలి యిద్దరిచేత వెనుకపనిని ముందుపనిని చేయించుట ఆతని పద్ధతి. జట్టు మాత్రము అంతకు ముందు వెనుక నలుగురుండు ఆటకై కోట్లు వెచ్చించి కూర్చినది. ఆ యేటి లీగులో యునైటెడ్ 42 పాయింట్లతో 15వ స్థానమునకు దిగజారెను. యూరోపా లీగు తుదిపోటీలో టాటెన్‌హామ్ చేతిలో 1–0తో ఓడెను. లిస్బనులో తెలివిగలవాడు సముద్రము దాటినంతనే తెలివిలేనివాడయ్యెనా? కాలేదు. కుట్టువాడు మారలేదు, గుడ్డ మారినది.

అయినను యునైటెడ్ వంటి సంఘము తనకు కావలసిన గుడ్డను అంగడిలో కొనవచ్చును. సరిపడని యాటగాని నమ్మి, సరిపడువానిని తెచ్చుకొనవచ్చును. ఒక దేశపు జట్టునకు ఆ సౌకర్యము లేదు. మన శిక్షకునకు మంచి సెంటరు ఫార్వర్డు కావలెనన్నచో బ్రెజిలునుండి కొని తేజాలడు. దేశమున పుట్టి, దేశపు లీగులలో పెరిగినవారిలోనుండియే యెన్నుకొనవలెను. పిండికొలది రొట్టె యను సామెత దేశపు జట్టునకు వర్తించినంతగా మరి దేనికిని వర్తింపదు. కావున దేశపు శిక్షకుడు మొదట తన పిండిని కొలుచుకొనవలెను. ఆతనిని నియమించువారు అంతకంటె ముందుగా కొలుచుకొనవలెను.

ఈ కొలత నెరిగిన మహానుభావుడొకడు మన హైదరాబాదుననే యుండెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు 1909లో హైదరాబాదున జన్మించి, ఉపాధ్యాయ వృత్తిలో జీవించి, 1950 మొదలు 1963లో తాము మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులుగా నుండిరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచినది. భారత జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరానును 1–0తో ఓడించి స్వర్ణపతకమును గెలిచినది ఆయన శిష్యులే. కాని మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 గోలులతో చిత్తుగా ఓడినది. మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. మన బజారులలోను, మన నేలమీదను గొప్పగా నడచిన ఆట అక్కడి చలిలో, తడిసిన మైదానములో నడువలేదు.

అప్పుడు రహీమ్ గారు చేసినది గమనింపదగినది. ఐరోపా వారి వలె బలముతో ఢీకొట్టుడని తన శిష్యులను ఆజ్ఞాపింపలేదు. మన శరీరములకు అది తగదని ఆయన యెరుగును. మన వారు లఘుకాయులు, చురుకైనవారు, బంతిని పాదమున నిలుపుకొన నేర్చినవారు. కావున బంతిని ఒక్క స్పర్శతో అందించి కదలిపోవు నేర్పును ఆయన వారికి అలవరచెను. అలవాటులేని కాలితో మాత్రమే తన్నవలెనను నియమము పెట్టి పోటీలు నడపెను. దేశపు సమాఖ్యయు బూట్లు తొడుగుటను తప్పనిసరి చేసెను. నాలుగేండ్లు గడచినవి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున అదే భారత జట్టు ఆస్ట్రేలియాను వారి దేశముననే 4–2తో ఓడించినది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. సెమీఫైనలులో అదే యుగోస్లావియా మీద మొదటి గోలు చేసినది కూడ మనవారే. తుదకు 4–1తో ఓడినను, నాలుగవ స్థానమును బడసిరి. పదికి ఒకటిగా నున్న యంతరము నాలుగేండ్లలో నాలుగుకు ఒకటిగా తగ్గినది. ఆటగాండ్రను మార్చి ఆటను మార్చిన విధమిది. ఆటగాండ్రను మార్పక ఆటను మార్పబోయిన విధము కాదు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకను గొప్ప నిదర్శనము. మన జట్టు మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడినది. థాయిలాండుతో ఆడునప్పుడు వెనుక వరుసకు స్తంభమువంటి జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు పడినవి. మరియొక శిక్షకుడైనచో ఆతనిని ప్రేక్షకులలో కూర్చుండబెట్టి యుండును, లేక ఆతడుండవలసిన చోటనే నిలిపి యుండును. రహీమ్ గారు ఆతనిని సెంటరు ఫార్వర్డుగా ముందు వరుసకు పంపిరి. వెనుక వరుసను అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్ కాచిరి. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3–2తో గెలిచి, సెప్టెంబరు 4వ తేదీన తుదిపోటీలో మరల దక్షిణ కొరియాను ఎదిర్కొనిరి. మైదానమంతయు మనకు విరోధముగా కేకలు వేయుచుండగా, పి.కె. బెనర్జీ ఒక గోలును, తలకు కట్టు కట్టుకొనిన ఆ జర్నైల్ సింగే రెండవ గోలును చేసిరి. భారతము 2–1తో స్వర్ణపతకమును గెలిచినది. మరుసటి యేడు జూనులో రహీమ్ గారు క్యాన్సరు వ్యాధితో మరణించిరి. నాటినుండి నేటివరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మన దేశమునకు మరల రాలేదు. తన పద్ధతికంటె తన ఆటగాండ్రను ఎక్కువగా నెరిగిన శిక్షకుడు ఎట్టివాడో జకార్తా చూపినది.

ఇక మన కాలమునకు వత్తము. కాన్‌స్టంటైన్ ఆడించిన ఆట సొగసైనది కాదని పలువురు ఆక్షేపించిరి. బంతిని సూటిగా ముందునకు పంపి, పరుగుతోను దేహబలముతోను సాధించు ఆట యది. కాని 2019 జనవరిలో అబూ ధాబీలో ఆసియా కప్పున మన జట్టు థాయిలాండును 4–1తో ఓడించినది ఆ ఆటతోనే. ఆతడు వెడలిపోగా స్టిమాచ్ వచ్చి, బంతిని మనయొద్దనే యుంచుకొని ఆడుదమనెను. ఆశయము నిందింపదగినది కాదు. 2023లో దక్షిణాసియా దేశముల పోటీలలో మన జట్టు విజయమును గాంచినది. ఆ జూలైలో ప్రపంచ క్రమములో 99వ స్థానమున నిలిచినది. అయినను తన యీడు జట్లతో చెల్లినది తనకు మించిన జట్లతో చెల్లలేదు. 2024 జనవరిలో కతార్‌లో జరిగిన ఆసియా కప్పున ఆస్ట్రేలియాతో 2–0, ఉజ్బెకిస్థానముతో 3–0, సిరియాతో 1–0 తేడాలతో ఓడి, మూడు పోటీలలో ఒక్క గోలైనను చేయక తిరిగివచ్చినది. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్ గాయములచే ఆ పోటీలకు పోలేకపోయిరి. ముగ్గురు లేనంతనే ఆట సాగదనిన, ఆ ఆటకు సరిపడువారు దేశమున ఎందరో పాఠకులే లెక్కింపవచ్చును. చిత్రమేమనగా, 2019 సెప్టెంబరులో అదే స్టిమాచ్ నాయకత్వమున మనవారు దోహాలో ఆ యేటి ఆసియా విజేతయైన కతార్‌ను 0–0తో నిలువరించిరి. ఆనాడు వారు ఆడినది కాచుకొను ఆట. తమకు తగినది తాము ఆడినప్పుడు దక్కిన గౌరవమును మనము శీఘ్రముగా మరచితిమి.

మార్కెజ్ విషయము హైదరాబాదువారికి మరింత చేరువ. 2020లో ఆయన హైదరాబాదు ఎఫ్‌.సి. జట్టునకు వచ్చి, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులను నమ్మి ఆడించెను. వారు అంచులవెంబడి నిర్భయముగా ముందునకు సాగిరి. నడుమ జొఆవో విక్టర్ బంతిని నడపెను. ముందు నైజీరియా దేశీయుడైన బార్తొలొమ్యూ ఒగ్బెచే గోలులు చేసెను. 2021–22లో ఒగ్బెచే 18 గోలులతో అగ్రస్థానమున నిలిచెను. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి హైదరాబాదు ఇండియన్ సూపర్ లీగు విజేతయైనది. ఆ శిక్షకునే 2024 జూలైలో దేశపు జట్టునకు నియమించిరి. ఫలితమేమి? ఆతని చేతిక్రింద దేశపు జట్టు ఎనిమిది పోటీలాడి ఒక్కటి మాత్రమే గెలిచినది. నాలుగు సమమైనవి, మూడు ఓడినవి. గెలిచిన యొక్కటియు మాల్దీవుల మీద. మారిషస్, సిరియా, మలేషియా జట్లతో ఆడిన పోటీలు మన గచ్చిబౌలి మైదానముననే జరిగినవి. అదే నగరపు సంఘమును విజేతగా నిలిపిన శిక్షకుడు దేశపు జట్టుతో ఒక్కదానిని గెలువలేక చేతులు కట్టుకొని నిలిచియుండుట మన నగరవాసులు కన్నులార జూచిరి. 2025 జూన్ 10న హాంకాంగ్ చేతిలో 1–0తో ఓడిన పిమ్మట ఆయన తొలగెను. 2023లో 99వదిగా నున్న మన స్థానము 2025 జూలై నాటికి 133కు దిగినది. మనుష్యుడొక్కడే, పద్ధతియు నొక్కటే. హైదరాబాదు జట్టున ఒగ్బెచే యుండెను. భారత జట్టున ఒగ్బెచే లేడు. సంగ్రహముగా జెప్పినచో కథ యంతయు నింతియే.

భారత జట్టున ఒగ్బెచే ఏల లేడు? ఇది దైవనిర్ణయము కాదు, మనము చేతులార చేసికొనినది. ఇండియన్ సూపర్ లీగు 2014లో ఆరంభమైనది. నాటినుండి 2024–25 వరకు జరిగిన 11 పోటీలలో అత్యధిక గోలుల బహుమతి ఒక్కమారైనను భారతీయునకు దక్కలేదు. ప్రతి సంఘమును తన ధనమును విదేశీయులపై వెచ్చించునప్పుడు, ఆ విదేశీయులను మైదానపు వెన్నెముకయందే నిలుపును. వెనుక నడుమ నొకడు, మధ్యమున నొకరిద్దరు, ముందు నొకడు. భారతీయులకు అంచులు మిగులును. 2021–22 నుండి మైదానమున నిలుచు విదేశీయుల సంఖ్యను అయిదునుండి నాలుగునకు తగ్గించిరి. కాని ఆ నలుగురును నిలుచు చోటులు మారలేదు. ఫలితముగా మనకు పరుగెత్తు వింగర్లు కలరు, పరుగెత్తు బ్యాకులు కలరు. బంతిని నడుమ నిలిపి త్రిప్పువారును, గోలుయెదుట శాంతముగా నిలిచి తన్నువారును అరుదు. 2024 జూన్‌లో విశ్రాంతి తీసికొనిన సునీల్ ఛెత్రీని 2025 మార్చిలో నలువదియేండ్ల వయస్సున మరల పిలువవలసి వచ్చెను. ఆ 2024–25 లీగులో భారతీయులందరిలో ఎక్కువ గోలులు, 14, చేసినవాడును ఆతడే. ఇది ఛెత్రీకి గౌరవము, దేశమునకు అవమానము. పెద్దకొడుకు వృద్ధుడైనను వానియే కాడి మోయవలసిన యింటి స్థితి మనది.

ఇట్టి స్థితిలో 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను నియమించుట మేము తప్పుపట్టము. ఉన్న పిండితో రొట్టె కాల్చుటలో ఆతడు పేరువడసినవాడు. 2016–17లో మిజోరము కొండలలోని ఐజాల్ అను చిన్న సంఘమును, ధనవంతములైన జట్ల నడుమ, దేశపు ఐ-లీగు విజేతగా నిలిపినవాడు ఆతడే. దేశపు జట్టునకు వచ్చినంతనే మధ్య ఆసియా దేశముల పోటీలలో తజికిస్థానమును వారి నేలమీదనే 2–1తో ఓడించి, ఒమానును పెనాల్టీలలో గెలిచి మూడవ స్థానమును దెచ్చెను. కాచుకొని కొట్టు ఆట మనవారికి చెల్లుననుటకు ఇది సాక్ష్యము. కాని సింగపూరు అక్టోబరులో రెండు మారులు మనకు అడ్డు నిలిచినది. వారి నేలమీద 1–1గా ముగిసిన పోటీ పిదప, గోవాలో మనవారు మొదటి గోలు చేసియు 2–1తో ఓడిరి. ఎదుటివాడు మనపైకి వచ్చునప్పుడు కాచుకొని కొట్టగలము. మనమే యెదుటివానిపైకి పోయి గెలువవలసినప్పుడు, ఆ పని చేయువారు మనయొద్ద లేరు. తగిన దర్జీ దొరకినను గుడ్డ చాలలేదు. ఇది జమీల్ యొక్క దోషమని చెప్పువారితో మేము ఏకీభవింపజాలము.

ఇచట ఒక యాక్షేపణము రాగలదు. ఉన్నవారికి తగిన ఆటయే ఆడవలెననిన, మనము ఎన్నటికిని చిన్న ఆటతోనే తృప్తిపడవలెనా? ప్రపంచమంతయు ముందునకు సాగుచుండగా మనము గోలుముందు గుంపుగూడి నిలువవలెనా? ఈ ప్రశ్న న్యాయమైనదే. స్వాభిమానముగల జాతి అడుగవలసినదే. కాని తగిన ఆట యనగా శాశ్వతముగా తగ్గిన ఆట యని మా యర్థము కాదు. హెల్సింకికిని మెల్బోర్నుకును నడుమ రహీమ్ గారు చేసినది స్మరింపుడు. ఆయన నేడున్న శిష్యునితో నేటి ఆట ఆడించెను. రేపటి ఆటకై శిష్యుని తయారుచేసెను. మనవారు ఈ రెండింటిని తారుమారు చేసిరి. రేపటి ఆటను నేటి ఆటగానితో ఆడింపజూచిరి. రేపటి ఆటగాని తయారుచేయుట మరచిరి. పైరు రానిదే కొడవలి పట్టుకొని పొలమునకు పోయినవాని గతి యేమగునో అదియే మన జట్టునకు పట్టినది. శిక్షకుడు విదేశీయుడైనందున చెరుపు లేదు, స్వదేశీయుడైనందున మేలు లేదు. మన జట్టును జూచి ఆటను నిర్ణయించువాడెవ్వడైనను మనకు స్వదేశీయుడే.

కావున సమాఖ్యవారికి మేము మూడు సూచనలు చేయుచున్నాము. మొదటిది, ఇకమీద శిక్షకుని ఎన్నుకొనుటకు ముందు, దేశమున ఏ స్థానమునకు ఎందరు ఆటగాండ్రు కలరో, వారి బలాబలములెట్టివో విచారించి, మన జట్టునకు తగిన ఆటతీరును సమాఖ్యయే నిర్ణయించి ప్రకటింపవలెను. ఆ తీరునే 17 ఏండ్లలోపు, 20 ఏండ్లలోపు, 23 ఏండ్లలోపు బాలుర జట్లకును అలవరుపవలెను. శిక్షకుడు మారినప్పుడెల్ల ఆట మారుట పోవలెను. ఆటకు తగిన శిక్షకుడు రావలెను. రెండవది, మైదానపు వెన్నెముకను భారతీయులకు తిరిగి యీయవలెను. విదేశీయులను వెడలగొట్టుడని మేము చెప్పుట లేదు. ఒగ్బెచే వంటివారిని జూచి మన బాలురు నేర్చుకొనినది కొంత కలదు. కాని ఆ సంఖ్యను క్రమముగా తగ్గింపవలెను. దేశపు పెద్ద పోటీలలో ఒకటియైన భారతీయులతో మాత్రమే జరుగవలెను. నలువదియేండ్లవాడు కాక యిరువదియేండ్లవాడు సెంటరు ఫార్వర్డుగా యేడాదికి ముప్పది పోటీలు ఆడిననే గాని గోలు చేయు శాంతము అలవడదు. మూడవది, కాలనియమము. 2025లో హక్కుల ఒప్పందము తెగక సూపర్ లీగు యథాకాలమున ఆరంభము కాలేదు. ఆటగాండ్రు ఆటలేక కూర్చుండిన దేశమున శిక్షకునకు తగిన జట్టు ఆకాశమునుండి ఊడిపడదు.

తుదకు మన ఇంటి మాట. 1956–57లోను, 1957–58లోను సంతోష్ ట్రోఫీని హైదరాబాదు గెలిచినది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచినది. సికిందరాబాదు బిడ్డయైన తులసీదాస్ బలరామ్ జకార్తా తుదిపోటీలో ముందు వరుసలో ఆడెను. హైదరాబాదువాడైన యూసుఫ్ ఖాన్ ఆతని ప్రక్కననే యుండెను. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోటీ గచ్చిబౌలిలో జరిగినప్పుడు మైదానము మనది, ఆట వంగదేశీయులది, కేరళీయులది. 2022లో విజేతయైన మన నగరపు జట్టు ధనసంకటమున చిక్కి, 2023–24 లీగులో అట్టడుగున నిలిచి, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. రహీమ్ గారి కథను 2024లో హిందీ చలనచిత్రముగా దేశమంతయు జూచినది. ఆయన శిష్యులు ఆడిన నేలమీద నేడు బాలురకు బంతి తన్నుటకు చోటు దొరకుట దుర్లభమగుచున్నది.

ఢిల్లీలోని సమాఖ్యను నిందించుట సులభము. కాని ఆ సమాఖ్య యేరుకొను ఆటగాండ్రు పుట్టవలసినది మన ఊళ్లలో, మన పాఠశాలలలో. గ్రామమునకు ఒక మైదానమును కబ్జాదారులనుండి కాపాడుట గ్రామపెద్దల చేతిలో నున్నది. పట్టణమున పాఠశాలకు ఒక వ్యాయామోపాధ్యాయుని నిలుపుట, జిల్లాకు ఒక బాలుర లీగును యేటేట తప్పక నడపుట పౌరుల చేతిలో నున్నది. రహీమ్ గారును ఉపాధ్యాయులే యని మరువరాదు. గుడ్డను నేయవలసినవారు మనము, కుట్టవలసినవాడు శిక్షకుడు. నేతపని మాని కుట్టువానిని ఎన్నిమారులు మార్చినను, దేశమాత మేనికి తగిన వస్త్రము సిద్ధము కాదు. మన పెద్దలును, పాఠశాలాధికారులును, సమాఖ్యవారును ఈ సత్యమును గుర్తించి కార్యోన్ముఖులగుదురు గాక!